మూలన నిలబడ్డ మనిషి

ఫిబ్రవరి 2, ఆదివారం

ఇవాళ క్లబ్బులో నా మంచు ఫోటో పెట్టారు. ఏం జరిగిందో జరిగినట్టు రాసుకోవాలి. లేకపోతే రేపటికల్లా నాకు నేనే వేరేగా చెప్పుకుంటాను.

కుట్టుమిషన్ల షాపు మీది గది. ఎప్పటి మనుషులమే. కిందటి నెల అందరం కలిసి రేవు ఊరు వెళ్ళి తీసుకొచ్చిన ఫోటోల మీద ఇవాళ మాటలు. మా క్లబ్బులో ఒకటే నియమం. ఫోటో ఎవరిదైతే వాళ్ళు నోరు విప్పకూడదు. మిగతా అందరూ మంచీ చెడూ చెప్పడం పూర్తయ్యాకే వాళ్ళ వంతు. ఫోటో తన సంగతి తనే చెప్పుకోవాలి గానీ, తీసినవాళ్ళు పక్కన నిలబడి వకాల్తా పుచ్చుకోకూడదని సర్వేయరు గారి వాదన. ఆయన భూముల సర్వేయరుగా చేసి రిటైరయ్యారు. క్లబ్బు ఆయనదే, గది ఆయనదే, కోపం కూడా ఆయనదే.

నాది ఐసు ఫ్యాక్టరీ ఫోటో. పొద్దున్నే చెక్క జారుడుబల్ల మీంచి పెద్ద మంచుదిమ్మ లారీలోకి జారుతోంది. వెనకనుంచి ఎండ పడి దిమ్మ లోపలంతా వెలుగు. చుట్టూ పొగలాంటి ఆవిరి. తీసేటప్పుడు ఆ దిమ్మనే చూశాను, తీశాక కెమెరా వెనక చిన్న తెర మీద కూడా దాన్నే చూసుకుని మురిసిపోయాను. స్టూడియోలో పెద్దది చేయించి, నలుగుతుందని కవరు విప్పకుండానే తిన్నగా క్లబ్బుకి తీసుకెళ్ళాను.

మందుల షాపాయన వెలుగు బాగా పట్టారన్నాడు. ఇంకెవరో జారుడుబల్ల గీత బాగుందన్నారు. లైబ్రేరియను గారు ఏమీ అనలేదు. ఆవిడ ఎప్పుడూ అంతే, చూస్తుంది, ఊరుకుంటుంది. అప్పుడు సర్వేయరు గారు తన రెండు నల్లటి అట్టముక్కలు తీశారు. మూల మలుపులా కత్తిరించిన అట్టలు. వాటిని ఫోటో మీద పెట్టి ఎంత ఉంచాలో ఎంత కొట్టెయ్యాలో చూపిస్తారు.

"ఈ ఎడమ మూల చూడండి. ఇక్కడొక మనిషి నిలబడ్డాడు. ఎందుకు నిలబడ్డాడో అతనికీ తెలీదు, మనకీ తెలీదు. దండగ మనిషి. ఇతన్ని తీసేస్తే ఫోటో నిలబడుతుంది."

అట్ట పెట్టారు. మనిషి పోయాడు. తీశారు. వచ్చాడు. వెనక కూర్చున్నవాళ్ళకి కూడా తెలియాలని మళ్ళీ పెట్టారు, మళ్ళీ తీశారు. అందరూ అవునన్నారు. లేకపోతేనే బాగుందన్నారు.

ఆ మనిషిని నేను చూడడం అప్పుడే.

బరువంతా ఎడమకాలి మీద వేసి, కుడి పాదాన్ని దాని మడమ వెనక ఆనించి, కొంగలా నిలబడ్డాడు. ముఖం సగం పక్కకి తిరిగి ఉంది. చెవి కనిపిస్తోంది. మెడ వెనక ఒంపు కనిపిస్తోంది.

నియమం ప్రకారం నేను మాట్లాడకూడదు.  ఆఖర్న సర్వేయరు గారు, ఇక మీరు చెప్పండి పళ్ళావిడా అన్నారు. కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో పని కాబట్టి అక్కడ నా పేరు అదే. మీరు చెప్పినట్టే చేస్తానండీ అన్నాను. చెప్పింది చెవిలో వేసుకునేవాళ్ళు ఇలా ఉండాలని ఆయన అందరిముందూ మెచ్చుకున్నారు.

మా అన్నయ్య లాంచీ ప్రమాదంలో పోయి ఏడేళ్ళయింది.

ఫిబ్రవరి 3, సోమవారం

కాదు.

అలా నిలబడేవాళ్ళు లోకంలో ఎంతమంది ఉండరు?

ఫిబ్రవరి 5, బుధవారం

ఇవాళ ఒక పెద్దాయన పై దవడ సెట్టులో కుడి కోరపన్ను ఎడమవైపు, ఎడమది కుడివైపు అమర్చాను. మైనం ఆరాక గానీ చూసుకోలేదు. ఇన్నేళ్ళలో ఇలా ఎప్పుడూ చెయ్యలేదు. మా ఓనరు చూసి, ఈయన ఈ పళ్ళు పెట్టుకుంటే అద్దంలో ఉన్న ఆయనే భోజనం చేయగలడు అన్నాడు. నవ్వాను. ఆలస్యంగా నవ్వాను.

తెలిసిన విషయాలు ఒకసారి సరిగ్గా రాసుకుంటే మనసు కుదుటపడుతుందేమో.

నది మధ్యలో లాంచీ తిరగబడింది. అన్నయ్య సంచీ దొరికింది, అందులో ఆఫీసు గుర్తింపు కార్డు ఉంది. మనిషి దొరకలేదు. దొరకనివాళ్ళు అతనితోపాటు ఇంకా చాలామంది ఉన్నారు. అమ్మ ఆ ఒడ్డున మూడు రోజులు కూర్చుంది. లేపబోతే విదిలించి కొట్టింది. వదిన నాలుగేళ్ళ పిల్లని చంకనేసుకుని ప్రతి పడవకీ ఎదురెళ్ళింది. నాలుగోనాడు వెతకడం ఆపేశారు. మేమూ ఇంటికొచ్చాం.

కాబట్టి అతను లేడు. ఇది అందరికీ తెలుసు. వదినకి తెలుసు కాబట్టే మళ్ళీ పెళ్ళికి ఒప్పుకుంది. మార్చి పదిన రిజిస్ట్రారు ఆఫీసులో. చేసుకోబోయే అతను బస్సు డిపోలో మెకానిక్కు. నిదానస్తుడు, మాట తక్కువ, చేత ఎక్కువ. మా మేనకోడలికి సైకిలు తొక్కడం నేర్పింది అతనే. దాన్ని మేమంతా పిచ్చుక అంటాం, ఒక్కచోట నిలవదు కనక. వదినని ఈ పెళ్ళికి ఒప్పించింది నేను. పోయిన మనిషి కోసం ఎన్నాళ్ళు కూర్చుంటావు వదినా అని రెండేళ్ళు వెంటపడ్డాను.

పోయిన మనిషి అన్నాను. అనేకసార్లు అన్నాను.

ఫోటో బీరువా వెనక పెట్టాను. అమ్మ చూపు ఆనదులే గానీ, అయినా.

ఫిబ్రవరి 9, ఆదివారం

క్లబ్బులో ఇవాళ నా నోటికి ఏదో పట్టింది.

మందుల షాపాయన ఫోటో పెట్టారు. పడకకుర్చీలో ముసలాయన నిద్రపోతున్నాడు, కిటికీ వెలుగు దుప్పటి మీద పడింది. నా వంతు వచ్చింది. కుర్చీ బాగుంది, దుప్పటి బాగుంది, ఇందులో మనిషి లేకపోతే ఇంకా బాగుండేది అన్నాను. ఎందుకన్నానో నాకు తెలియదు. నా గొంతే నాకు సర్వేయరు గారి గొంతులా వినిపించింది.  మందుల షాపాయన నియమం పాటించి నోరు విప్పలేదు. తన వంతు వచ్చాక, అది మా నాన్నండీ, తీసిన పదిహేనో రోజున పోయారు అన్నాడు. క్షమించమని అడిగాను. పర్వాలేదండీ, ఫోటో గురించే కదా అన్నారు అని ఆయనే నన్ను ఓదార్చాడు. తల ఎత్తలేకపోయాను.

మెట్లు దిగుతుంటే లైబ్రేరియను గారు వెనకే వచ్చింది. మంచు ఫోటో గురించి నాలో నేను కొట్టుకుంటున్నానని కనిపెట్టింది కాబోలు. ఆ మూలనున్న మనిషిని సర్వేయరు గారు దండగన్నారు గానీ, నా దృష్టి అతని మీదే ఆగిపోయిందండీ అంది. దానికి ముందు తీసినవి ఉన్నాయా అని అడిగింది. కెమెరా సంచిలోనే ఉంది. టీకొట్టు బల్ల మీద పెట్టి చూపించాను. నేనెప్పుడూ వరసగా నాలుగైదు నొక్కుతాను, అలవాటు. ఒకటి మాత్రమే పనికొస్తుంది, తక్కినవి చూడను.

మొదటిదాంట్లో మూల ఖాళీ. రెండోదాంట్లో అతను తలుపులోంచి బయటికొస్తున్నాడు. మూడోదాన్ని ఆవిడ పెద్దది చేసి నా ముందు పెట్టింది. అతను సూటిగా నావైపు చూస్తున్నాడు. ముఖమంతా కనిపిస్తోంది. నాలుగోది నేను క్లబ్బులో పెట్టింది. ముఖం పక్కకి తిరిగింది.

"కెమెరాకి సిగ్గుపడేవాళ్ళు నవ్వుతారండీ, లేకపోతే తల దించుకుంటారు. ఇతను కెమెరాని చూడలేదు. మిమ్మల్ని చూశాడు. చూశాక తిరిగాడు. మీకు తెలిసినాయనా?"

తెలియదన్నాను.

ఆవిడ నా టీ డబ్బులు కూడా ఇచ్చేసి, కెమెరా జాగ్రత్తగా మూత పెట్టి నా చేతికిచ్చి వెళ్ళిపోయింది. నమ్మలేదని ఇద్దరికీ తెలుసు.

ఫిబ్రవరి 10, సోమవారం

చూశాడు. చూసి తిరిగాడు.

ఫిబ్రవరి 13, గురువారం

సాయంత్రం వదిన వచ్చింది. డిపో నుంచి ఇటే వచ్చినట్టుంది, ముఖం వెలిగిపోతోంది. అమ్మ కాళ్ళకి మందు రాస్తూ కబుర్లు చెప్పింది. కొడుకు పోయినా కోడలు పోలేదని అమ్మ అందరికీ చెప్పుకుంటుంది. ఈ పెళ్ళికి అందరికంటే ముందు సరేనన్నది అమ్మే.

పెళ్ళి ఫోటోలు నన్నే తియ్యమంది వదిన. బయటివాళ్ళెవరూ వద్దట. అయితే ఒక షరతు అంది.

"నువ్వు తీసిన ఫోటోల్లో నేనెప్పుడూ ఏదో పోగొట్టుకున్నదానిలా ఉంటాను. నీ తప్పు కాదులే, నా ముఖమే అలా ఉండేది. ఈసారి మాత్రం నేను నవ్వేదాకా ఆగి తియ్యి. ఎంతసేపైనా ఆగు."

సరేనన్నాను. సరే వదినా, సరే వదినా అని ఎన్నిసార్లు అన్నానో, అమ్మ విసుక్కుని, అర్థమైందే, ఊరుకో అంది.

శనివారం సెలవు పెట్టాను. రేవు ఊరు వెళ్తున్నాను. పడవలు ఇంకోసారి తీద్దామని. మొన్న వెలుగు కుదరలేదు.

ఇక్కడ కూడా పడవలనే రాస్తున్నాను.

ఫిబ్రవరి 15, శనివారం

 ఇవాళ్టిది కూడా జరిగింది జరిగినట్టే రాస్తాను.

ఐసు ఫ్యాక్టరీ గేటు దగ్గర సూపర్వైజరుకి కెమెరాలో మనిషిని చూపించాను. మూగాయనా, లోపలున్నాడు, పిలుస్తానుండండి అన్నాడు. గుండెలోంచి ఏదో బరువు దిగినట్టయింది. మూగవాడైతే మా అన్నయ్య కాదు. నిజంగా మూగేనా అని అడిగాను. కాదులెండి, మాటలు వచ్చు, మాట్లాడడు, అందుకని మేం పెట్టుకున్న పేరు అన్నాడు.

మా ఇంట్లో రేడియోకి కూడా సందివ్వని మనిషి అన్నయ్య. అతను గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే మేం నవ్వడం మొదలుపెట్టేవాళ్ళం.

రబ్బరు బూట్లతో నీళ్ళలో టపటపా నడుచుకుంటూ వచ్చాడు. నన్ను చూసి ఆగాడు.

"వస్తావనుకున్నా" అన్నాడు.

గొంతు అదే. బస్సులో వచ్చేటప్పుడు చెంప పగలగొట్టాలనుకున్నాను, కాళ్ళు పట్టుకుని ఏడవాలనుకున్నాను. రెండూ చెయ్యలేదు. టీ తాగావా అని అడిగాను. నేనే. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. తాగానన్నాడు.

ఫ్యాక్టరీ వెనక బోర్లించిన చేపల పెట్టెల మీద కూర్చున్నాం. చాలా సన్నబడ్డాడు. జుట్టు సగం నెరిసింది. ఏమైందన్నయ్యా, తలకి దెబ్బ తగిలి మరిచిపోయావా అని అడిగాను. అవునంటే చాలు, నమ్మేసేదాన్ని. ఎంత బాగా నమ్మేదాన్నో. లేదు, అన్నీ గుర్తున్నాయి అన్నాడు.

"కొట్టుకుపోయి అవతలి ఒడ్డుకి చేరాను. అక్కడెవరూ లేరు. బట్టలు ఆరేసుకుని కూర్చున్నా. కూర్చుంటే హాయిగా అనిపించింది. ఎవరూ నన్నేమీ అడగట్లేదు. ఒక్కరోజు ఇలా ఉండి వెళ్దామనుకున్నా. ఒక్కరోజే."

వదినతో గొడవ పడ్డావా అన్నాను. లేదన్నాడు. ఆఫీసులో ఏమైనా తప్పు చేశావా. లేదు. ఎవరైనా ఉన్నారా. ఎవరూ లేరు, అప్పుడూ లేరు, ఇప్పుడూ లేరు. మీరంతా నన్ను బాగానే చూసుకున్నారు, అందులో వంక పెట్టేదేమీ లేదన్నాడు. మరెందుకు అని ఇంకోసారి అడిగాను. చెప్పడానికి చాలా ప్రయత్నించాడు. పాపం అని కూడా అనిపించింది. ఇంట్లో అడుగుపెట్టగానే అందరూ నవ్వడానికి సిద్ధంగా ఉండేవాళ్ళట, ప్రతిరోజూ ఏదో ఒకటి అనాల్సి వచ్చేదట. ఇంతే. ఇంతకంటే ఏమీ లేదు. మర్నాడు పేపర్లో పోయినవాళ్ళ పేర్లలో తన పేరు చూసుకున్నాడు. ఆ తర్వాత ఏ ముఖం పెట్టుకుని రావాలో తెలియలేదట.

అమ్మ ఒడ్డున మూడు రోజులు కూర్చుందని చెప్పాను. ఆ మాటకైనా కరుగుతాడనుకున్నాను.

"తెలుసు. చూశా."

ఎక్కణ్ణుంచి అన్నాను.

"అవతలి ఒడ్డునించి."

లేచాను. ఎక్కడికి నడిచానో తెలియదు. వలలు ఆరేసిన చోటు, ఒక గోడ, ఆ గోడ మీద రంగు పెచ్చులు. వెనక్కి వచ్చేసరికి అతను అలాగే కూర్చుని ఉన్నాడు.

పిచ్చుక గురించి అతను అడగలేదు, నేనే చెప్పాను. సైకిలు తొక్కుతుందని చెప్పాను. వదిన పెళ్ళి సంగతి చెప్పాను. తల ఊపాడు. మంచిదే, ఆవిడకి మంచే జరగాలి అన్నాడు. తర్వాత, నువ్వెవరికీ చెప్పకు, నన్ను చూడలేదనుకో అన్నాడు.

"చూశానుగా అన్నయ్యా."

"ఫోటో తీసేటప్పుడు చూడలేదుగా. అలాగే అనుకో."

లోపలినుంచి ఎవరో మూగాయనా అని కేకేశారు. లేచి వెళ్ళిపోయాడు.

అమ్మకి పడవలు బాగా వచ్చాయని చెప్పాను.

ఫిబ్రవరి 16, ఆదివారం

క్లబ్బుకి వెళ్ళలేదు.

అవతలి ఒడ్డునించి చూశాడు.

ఫిబ్రవరి 20, గురువారం

చెప్పను. నిర్ణయించుకున్నాను.

చెప్తే ఏమవుతుంది? వదిన పెళ్ళి ఆగుతుంది. అమ్మ తట్టుకోలేదు. పిచ్చుక ఏమనుకోవాలి? అతను రానంటున్నాడు. రాని మనిషి ఉన్నా లేనట్టే కదా. పెళ్ళయ్యాక ఎప్పుడైనా, అందరూ స్థిమితపడ్డాక, నెమ్మదిగా. లేదా అసలే వద్దు. ఇది పిరికితనం కాదు. అందరి మంచి కోసమే.

మధ్యాహ్నం సర్వేయరు గారు ఫోను చేశారు. వార్షిక ప్రదర్శనకి నా మంచు ఫోటోనే ముందు వరసలో పెడుతున్నారట. నేను ఆలస్యం చేస్తున్నానని ఆయనే స్టూడియోవాడిచేత మూల కొట్టేయించి నా ఫోనుకి పంపారు.

చూశాను. మంచుదిమ్మ, వెలుగు, ఆవిరి. కంటికి అడ్డొచ్చేది ఏదీ లేదు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. అతను లేకపోతే ఫోటో చాలా బాగుంది. అది చూసి నాకు ఏడుపొచ్చింది.

ఫిబ్రవరి 22, శనివారం

చెప్పను.

ఫిబ్రవరి 25, మంగళవారం

చెప్పేశాను.

వదిన పెళ్ళిరోజు కట్టుకోబోయే చీరతో వచ్చింది. కెమెరా ముందు నవ్వు ఎలా వస్తుందో ముందే చూసుకోవాలట, నాలుగు తియ్యమంది. అమ్మ లోపల పడుకుంది. వదినని కిటికీ పక్కన నిలబెట్టాను. నవ్వింది. నిజంగానే నవ్వింది. ఆగాల్సిన పని కూడా లేకపోయింది. నేను నొక్కుతూ పోయాను.

తెర మీద చూసుకుని మొదట తనే వెక్కిరించుకుంది. ఇది పళ్ళ డాక్టరు దగ్గర నవ్వు, ఇది అప్పు అడగడానికి వచ్చినవాళ్ళ నవ్వు అని. తర్వాత ఆగింది. అన్నీ చెదిరిపోయాయి. ఒక్కదాంట్లో కూడా ముఖం తిన్నగా లేదు.

"ఫోటో బాగోలేదని అనట్లేదు. నీ చెయ్యి వణికింది. పళ్ళు అమర్చే చెయ్యి నీది, ఎప్పుడూ వణకదు. నాకేదో చెప్పట్లేదు నువ్వు."

ఏమీ లేదన్నాను. ఈ పెళ్ళి నీకు ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పు, నేనేమీ అనుకోను అంది. నాకు ఇష్టం లేదని అనుకుంటోంది. అది మాత్రం భరించలేకపోయాను. బీరువా వెనకనుంచి ఫోటో తీసి చేతిలో పెట్టాను.

మూలకి వెళ్ళడానికి ఆమె కళ్ళకి ఒక్క క్షణం కూడా పట్టలేదు. మంచుని చూడనే లేదు. కూర్చోమన్నాను, కూర్చోలేదు. ఎప్పుడు తీసిందని అడిగింది. కిందటి నెల అన్నాను. వెళ్ళి చూశావా అంది. చూశానన్నాను.

"అంతా చెప్పు. నా మీద జాలిపడి ఏదీ మింగెయ్యకు."

చెప్పాను. అవతలి ఒడ్డు దగ్గరికి వచ్చాక దాటెయ్యాలనిపించింది. దాటలేదు. వదిన గోడకి ఆనుకుంది.  ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"మూడు రోజులూ చూశాడా? ఒక్కరోజేనా?"

"అడగలేదు వదినా."

ఆమె చీర మడత పెట్టడం మొదలుపెట్టింది. అంచులు కలవలేదు. విప్పి మళ్ళీ మడత పెట్టింది. ఇన్నాళ్ళూ నాకు తెలిసి కూడా తనతో కూర్చుని సరే సరే అన్నానే అని, అది మాత్రం గట్టిగా అంది. తల వంచుకున్నాను. రేవు ఊరు తనని తీసుకెళ్ళమంది.

ఫిబ్రవరి 27, గురువారం

లేడు.

నేను వెళ్ళొచ్చిన మర్నాడే పని మానేసి వెళ్ళిపోయాడట. ఎక్కడికో చెప్పలేదట. ఏమైనా అన్నాడా అని వదిన అడిగింది. మూగాయన కదండీ అన్నాడు సూపర్వైజరు.

నమ్మలేక లోపలికి వెళ్ళి చూశాను. అన్ని గదులూ చూశాను. మంచు తప్ప ఏమీ లేదు. ఫోటోలో అతను నిలబడ్డ చోట ఇప్పుడు ఒక తోపుడుబండి ఉంది.

నేను వెళ్ళకపోయి ఉంటే అక్కడే ఉండేవాడు. లేక నేను వెళ్ళినప్పుడే చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి ఉంటే. టీ తాగావా అని అడిగాను.

బస్సులో వదిన కిటికీ వైపు కూర్చుంది. దారిలో ఒక్కసారి మాట్లాడింది.

"ఏడేళ్ళు పోయాడని ఏడ్చాను. ఇప్పుడు వదిలేసి పోయాడని మొదట్నించి ఏడవాలా? నాకు ఓపిక లేదు."

నా భుజం మీద తల పెట్టి దిగేదాకా నిద్రపోయింది. కోపం పోయిందో, ఒంట్లో శక్తి పోయిందో తెలియదు.

మార్చి 1, శనివారం

వదిన డిపో ఆయనకి తనే చెప్పింది. నన్ను పక్కన ఉండమంది. అతను పానా చేతిలో పట్టుకుని నిలబడే విన్నాడు. విన్నాక దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అటూ ఇటూ చూశాడు. తర్వాత ముగ్గురం అతనికి తెలిసిన వకీలు దగ్గరికి వెళ్ళాం.

అన్నయ్యని చూసింది నేనొక్కదాన్నే, నేను నోరు విప్పకపోతే పదో తారీఖు పెళ్ళి నిక్షేపంగా జరిగిపోతుంది, అది కూడా ఆలోచించుకోండి అని వకీలు మెల్లిగా అన్నాడు.  నేను వదిన వైపు చూడలేకపోయాను. డిపో ఆయనే ముందు మాట్లాడాడు.

"బ్రేకు సరిగ్గా లేదని తెలిశాక బండిని రోడ్డు మీదకి వదలనండీ. ఆగుదాం."

వదిన అప్పుడు ఏడ్చింది. నాకు గుర్తున్నంతలో ఆనాడు ఒడ్డు మీద ఏడ్చిన తర్వాత అంత గట్టిగా ఏడవడం ఇదే. విడాకులకి వెయ్యాలి. ఏడాది పట్టొచ్చు, ఇంకా ఎక్కువ పట్టొచ్చు. పిచ్చుకకి పరీక్షలయ్యాక తనే చెప్తానంది. వకీలు ఫోటోలు అడిగాడు. మూడోదీ నాలుగోదీ, ఏ మూలా కొట్టెయ్యకుండా.

సాయంత్రం సర్వేయరు గారికి ఫోను చేసి ప్రదర్శనలో నా ఫోటో వద్దన్నాను. కార్డులు అచ్చయ్యాక ఇదేం పద్ధతి అని మండిపడ్డారు. నియమం ప్రకారం ఆయన మాటలు పూర్తయ్యేదాకా ఆగాను. తర్వాత నా వంతు. అంతా చెప్పలేదు. ఆ మూలనున్న మనిషి మా అన్నయ్య, పోయాడనుకున్నాం అన్నాను.  

"అట్ట పెట్టి తీసి, పెట్టి తీసి చూపించానేనండీ" అన్నారు. "మీరు ఎదురుగా కూర్చుని ఉన్నారు."

మీరు ఫోటో గురించే కదా అన్నారు, పర్వాలేదండీ అన్నాను.

మార్చి 4, మంగళవారం

అమ్మకి చెప్పాం. చెప్పాలని వదినే అంది, ఇంకెవరి నోటనైనా వింటే ప్రమాదమని. అమ్మకి చెరో పక్కన కూర్చున్నాం. వదిన అమ్మ చెయ్యి పట్టుకుని నెమ్మదిగా చెప్పింది. బతికే ఉన్నాడని చెప్పింది, తనంతట తనే రాలేదని చెప్పింది. అవతలి ఒడ్డు సంగతి మేమిద్దరం ముందే అనుకున్నాం, అమ్మకి వద్దని.

అమ్మ చెయ్యి విడిపించుకుంది. ఫోటో ఏదని అడిగింది.

కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి కళ్ళజోడు పెట్టాను. అమ్మ ఫోటోని ముఖానికి ఆనించుకున్నంత దగ్గరగా పట్టుకుంది. దూరం పెట్టింది. మళ్ళీ దగ్గరగా తెచ్చుకుంది. నేను ఆమె చెయ్యి చూస్తున్నాను, ఊపిరి చూస్తున్నాను. డాక్టరు నంబరు ఫోనులో తీసి సిద్ధంగా పెట్టుకున్నాను.

"వీడు కాదు" అంది.

వదినా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. నేను మాట్లాడి వచ్చానమ్మా అన్నాను. ఎవరితో మాట్లాడొచ్చావో, నీకు చిన్నప్పట్నుంచీ అంతే, ఎవర్ని చూసినా వాడిలాగే ఉన్నారంటావు అంది. నేనెప్పుడూ అలా అనలేదు. మా వాడైతే నేను అక్కడ కూర్చున్నానని తెలిసి రాకుండా ఉండడు అంది. చాలా మామూలుగా అంది. ఫోటో నా ఒళ్ళో పెట్టి, కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుని, మంచం మీదకి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకుంది.

వదిన చాలాసేపు ఉండి వెళ్ళింది. అన్నానికి పిలిస్తే అమ్మ లేచి కాస్త తింది. పక్కింటివాళ్ళ కుళాయి కారుతోందని విసుక్కుంది. నిజంగానే నమ్మలేదేమో, ఇదీ ఒకందుకు మంచిదే అనుకున్నాను. గిన్నెలు కడుగుతున్నాను. వెనకనుంచి పిలిచింది.

"ఏమే, ఆ ఫోటోలో మనిషి."

"ఏమ్మా?"

"ఎవరోగానీ. వట్టి చేతుల్తో ఉన్నాడే. రోజంతా ఆ మంచు పట్టుకుంటే వేళ్ళు ఏం కావాలి? ఏదైనా తొడుక్కోమని చెప్పకపోయావా?"

చెప్పలేదమ్మా అన్నాను.